ఫెర్రీమెన్ బంతికి బొట్టు

దసరా వెళ్ళిన మర్నాడు పొద్దున్నే నోరీన్ ఫోన్ చేసింది. ముందురోజు తెల్లవారుజామున ఆవిడ భర్త కాన్ పోయాడట, నిద్రలోనే. ఓదార్పుగా నాకు తోచిన నాలుగు మాటలు చెబుతుంటే మధ్యలో ఆపి, "బంతి మీ దగ్గరే ఉంది కదా, మైథిలీ?" అంది.

ఉంది. మా ముందుగదిలో, గాజు డబ్బాలో.

"రేపు చర్చిలో అది కావాలి. మహీధరే దాన్ని పట్టుకుని నడవాలని కాన్ ఎప్పుడో చెప్పి పెట్టాడు. ఈ సాయంత్రం ఆయన్ని పెట్టెలో ఇంటికి తీసుకొస్తున్నారు. వచ్చేటప్పుడు తెచ్చేయండి."

ఇక్కడ ఐర్లండ్‌లో, చర్చిలో చావు ప్రార్థన జరిగేటప్పుడు, పోయిన మనిషి బతుక్కి గుర్తుగా ఏదో ఒక వస్తువుని అందరి ముందూ నడిచి తీసుకెళ్ళి బలిపీఠం దగ్గర పెడతారు. సొంత కొడుకులో అన్నదమ్ములో చేసే పని అది. మా ఆయనకి ఆ గౌరవం దక్కినందుకు, చావు కబురు విన్న ఆ నిమిషంలో కూడా నాకు లోపల కొంచెం గర్వంగా అనిపించింది.

మహీధర్ పెళ్ళికి ముందు అమెరికాలో, ఒక నది ఒడ్డున ఉన్న చిన్న ఊళ్ళో చదువుకున్నాడు. ఆ ఊరికి ఒకప్పుడు ఫెర్రీమెన్ అనే బేస్‌బాల్ జట్టు ఉండేదట. ఈయన వెళ్ళేసరికే అది మూతపడింది. ఒక్క ఆట చూసిన పాపాన పోలేదు. అయినా చూడని జట్టు మీద పుట్టిన ఆ పిచ్చి ఐర్లండ్ దాకా వెంట వచ్చింది. చిరిగిన టికెట్ ముక్కలు, చెమట మరకల టోపీలు, ఆట రోజున గేటు దగ్గర అమ్మిన కరపత్రాలు, జట్టు చరిత్ర మీద ఎవరెవరో రాసిన పుస్తకాలు. ఒకే పుస్తకం మూడు అచ్చులూ ఉన్నాయి. వంటింట్లో పై అల్మరా తెరిస్తే పప్పు డబ్బాలకి బదులు ఫెర్రీమెన్ పుస్తకాలు మీద పడతాయి. నా నోరు అరిగిపోయింది గానీ ఆయన మారలేదు.

అలాంటి మనిషికి మేముండే ఈ బాలింకాలిగ్‌లో, కిరాణా షాపు క్యూలో, కాన్ దొరికాడు. నెత్తిమీది టోపీ చూసి, "ఎక్కడిది బాబూ నీకది?" అని కదిలించాడు. కాన్ కుర్రతనంలో అమెరికా వెళ్ళి, ఏళ్ళ తరబడి ఆ జట్టు మైదానంలోనే పనిచేశాడట. గడ్డి కోయడం, గీతలు గీయడం ఆయన పని. ఇక చెప్పాలా, అప్పట్నుంచీ మా ఆయన ఆదివారాలన్నీ ఆ ఇంట్లోనే. ఆఖరి ఏడాది ఆటగాళ్ళంతా సంతకాలు చేసి ఇచ్చిన బంతి కాన్ దగ్గర ఉంది. ఫొటోలు తీసుకుని పుస్తకంలో పేర్లతో సరిచూసుకుంటానని వెంటపడి వెంటపడి దాన్ని అడిగి తెచ్చాడు మహీ. నోరీన్‌ని కూడా తుడవనివ్వని బంతిని కాన్ మా చేతికి ఇచ్చాడు.

ఫోన్ పెట్టేసి, దుమ్ము గానీ పట్టిందేమో చూద్దామని డబ్బా దగ్గరికి వెళ్ళాను. బంతికి బొట్టు ఉంది.

చిన్న చుక్క కాదు. తడి పసుపు దట్టంగా రాసి, దాని మీద రూపాయంత కుంకుమ. పసుపు నీళ్ళు తోలులోకి ఇంకి, సిరా చెదిరి, ఒక సంతకం పూర్తిగా అలుక్కుపోయింది. ఇంకోటి సగం మిగిలింది.

"అమ్మా!" అని అరిచాను.

మా అమ్మ మంగాదేవి చేతిలో చిక్కుడుకాయలతో వచ్చింది. వీసా మీద వచ్చి మూడో నెల. "ఏమే, అట్టా అరుస్తావేం? పక్కింటోళ్ళు హడలి చస్తారు."

"ఇదేంటి?"

"నిన్న ఆయుధ పూజ కదే. కారుకి పెట్టా, నీ మిక్సీకి పెట్టా, అల్లుడుగారి లాప్‌టాప్‌కీ పెట్టా. ఈ బంతంటే ఆయనకి ప్రాణం కదాని దీనికీ పెట్టా. ఆ పుస్తకాలకి కూడా నాలుగు మూలలా పసుపు రాశా. తప్పా?"

ఏం చెప్పను? నోటికి వచ్చిందల్లా అన్నాను. మా ఇంట్లో ఒక్క వస్తువునైనా ఊరికే ఉండనివ్వవా అన్నాను. అమ్మ బిత్తరపోయి, "నిమ్మకాయ పెట్టి రుద్దితే పోద్దేమోనే" అంది. బంతిని డబ్బాలోంచి తీసి గుండెకి అదుముకున్నాను. రుద్దితే మిగిలిన పేర్లు కూడా పోతాయి. అది ఎవరిదో, రేపు ఎందుకు కావాలో చెప్పాక అమ్మ చిక్కుడుకాయలు బల్ల మీద పెట్టేసి కుర్చీలో కూలబడింది. "చచ్చిపోయినాయన వస్తువా?" అని అడిగింది.

కాన్ పోయాడని మహీకి మెసేజ్ పెట్టాను గానీ, బంతి సంగతి ఫోన్ చేసి చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. మందుల ఫ్యాక్టరీలో సెలవు చెప్పి మధ్యాహ్నానికే వచ్చాడు. ఏడ్చి ఉన్నాడు. షూ విప్పకుండానే డబ్బా దగ్గరికి వెళ్ళాడు. నేను అడ్డం నిలబడి ముందుగా చెప్పేద్దామనుకునేలోపే మూత తీశాడు.

అరవలేదు. అరిచినా బాగుండేది. బంతిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూసి, వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

"డానీ పేరు పోయింది" అన్నాడు. "కాన్ అక్కడ ఉన్నన్నాళ్ళూ వీళ్ళిద్దరిదీ ఒకే గది. ప్రతి ఆదివారం ఆయన గురించే చెప్పేవాడు."

"ఇప్పుడెలా?"

"రేపు ఈ బొట్టు వైపు అరచేతిలో ఉండేలా పట్టుకుంటా. జనానికి కనబడదు. తర్వాత ఆయనతోపాటే పెట్టెలో పెట్టేయమని చెబుదాం."

"ఈ సాయంత్రం నోరీన్ చేతికిమ్మంటే?"

సిగ్గులేకుండా నేను కూడా ఆలోచించడం మొదలుపెట్టాను. గుడ్డలో చుట్టి ఇస్తే? రేపు తిన్నగా చర్చికే తెస్తామంటే? నమ్మి ఇచ్చిన మనిషి అక్కడ శవమై ఉన్నాడు, ఆయన భార్య ముందు ఏ అబద్ధం అతుకుతుందా అని ఇక్కడ మేం వెతుక్కుంటున్నాం. ఆ బంతి పాడయిందని తెలిస్తే మహీని ఆ బలిపీఠం దాకా నడవనిస్తుందా? ఆ ఇంటి గుమ్మం మళ్ళీ తొక్కనిస్తుందా?

"నేనొస్తా" అంది అమ్మ. ఎప్పుడు విన్నదో, చీర మార్చుకుని, స్వెటర్ తొడుక్కుని వెనకాల నిలబడి ఉంది. "చేసింది నేను. మీరెందుకు దాచుకోవడం? బాబూ, మీరు కారు తియ్యండి."

"అమ్మా, చావింటికి..."

"తెలుసులేవే. పద."

మామూలుగా శవం పోతున్న వీధిలోకైనా రాని మనిషి మా అమ్మ.

కాన్ ఇంటి నిండా జనం. ముందుగదిలో పెట్టె తెరిచి పెట్టారు. కాన్‌కి సూటు వేసి, జపమాల చేతికి చుట్టారు. అందరూ ఆ చేతుల్ని ఒకసారి తాకి టీ తాగడానికి వెళుతున్నారు. మహీ అక్కడే ఆగిపోయాడు. నోరీన్ మమ్మల్ని చూసి వంటింట్లోకి పిలిచి, మా అమ్మ చేతులు పట్టుకుని, "చలిలో పెద్దావిడ కూడా వచ్చింది" అంది. నాకు పారిపోవాలనిపించింది.

మహీ వచ్చి డబ్బా బల్ల మీద పెట్టాడు. నోరీన్ మూత తీసింది.

కళ్ళజోడు పెట్టుకుని చూసింది. గోటితో ఆ ఎరుపుని మెల్లగా తడిమింది. "ఇక్కడ డానీ ఉండాలి" అంది. మొహం రాయిలా అయిపోయింది. "నన్నే ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఏం చేశారు దీన్ని?"

అమ్మ నా మోచెయ్యి పొడిచింది. "నేనే చేశానని చెప్పు. నంగినంగిగా కాదు, ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను. మాకొక పండగ ఉందని, ఆ రోజు మనకి అన్నం పెట్టే పనిముట్లకి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంటామని, మా అమ్మకి ఇది ఎవరిదో తెలియదని, అల్లుడికి ప్రాణమని పెట్టిందని. చెబుతున్నంతసేపూ నోరీన్ బంతినే చూస్తోంది. మేం క్షమించమన్నాం. క్షమించానని ఆవిడ అనలేదు.

"పనిముట్లకా?" అంది చివరికి.

"అవును."

"దీంతో కాన్ ఏ పనీ చెయ్యలేదు. ఒక్కసారైనా విసరలేదు కూడా. అది ఆ ఆటగాళ్ళ ఆట." బంతిని డబ్బాలో పెట్టి మూత వేసి, పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

"ఏడవడానికి వెళ్ళింది" అన్నాడు మహీ. "నేను రేపు వెనక వరసలో కూర్చుంటా. అసలు రావద్దంటే రాను." నేను కిటికీలోంచి చూద్దామన్నా బయట చీకటిపడిపోయింది. ముందుగదిలో ఎవరో ప్రార్థన మొదలుపెట్టారు. అమ్మ కుర్చీ అంచున కూర్చుని చీర కొంగు నలుపుతోంది. నేను కూడగట్టుకున్న ఈ ఊరి స్నేహాలన్నీ ఆ తలుపు అవతలే ఉన్నట్టనిపించింది.

నోరీన్ తిరిగి వచ్చింది. చేతిలో గడ్డి కత్తిరించే పెద్ద కత్తెర. చెక్క పిడులు అరిగి గుంటలు పడ్డాయి.

"అక్కణ్ణుంచి తెచ్చుకున్న ఒకే ఒక్క పనిముట్టు. మెషీన్ తగలని మూలలన్నీ మోకాళ్ళ మీద కూర్చుని దీంతోనే కత్తిరించేవాడు. పుస్తకాలన్నీ చదివావు కదా, మహీధర్. ఒక్కదాంట్లోనైనా కాన్ పేరుందా?"

"లేదు" అన్నాడు మహీ.

నోరీన్ కత్తెరని అమ్మ ముందు పెట్టింది. "ఆ బొట్టేదో దీనికి పెట్టమను."

నేను చెప్పగానే అమ్మ గాభరాపడింది. "మైల ఇంట్లో పెట్టకూడదే. అయినా చావింటికి కుంకుమ ఎవరు తెస్తారు?" అంటూ నోరీన్ మొహం చూసి ఆగింది. ఆవిడ ఇంకా నిలబడే ఉంది, చెయ్యి పిడి మీదే ఉంది.

అమ్మ నుదురు తడుముకుంది. నేను వద్దనేలోపే ఉంగరం వేలితో తన బొట్టు తీసి కత్తెరకి పెట్టింది. ఊళ్ళో నాన్న నిక్షేపంగా ఉండగా ముత్తైదువ చేసే పని కాదది. తర్వాత దానికి రెండు చేతులూ జోడించింది. అమ్మ నుదుట ఆ ఖాళీ చూసి నాకు భయమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నోరీన్ కూడా కత్తెర ముందు తల వంచింది. తర్వాత దాన్ని మహీ చేతుల్లో పెట్టింది.

"రేపు పదకొండింటికి. బొట్టు చెరిగిపోకుండా పట్టుకో."

"నేనేనా?" అన్నాడు మహీ.

"నువ్వే. ఆ బంతి మాత్రం ఇక నా దగ్గరే ఉంటుంది" అంది నోరీన్.