పొంగిన పిండిలో అడుగులు

చెన్నై పురసవాక్కంలో కనకవల్లి ఇడ్లీపిండి ఎరగనివాళ్ళు ఆ వీధికి కొత్తవాళ్ళయి ఉండాలి. రోజూ సాయంత్రం నాలుగు గుండిగల నిండా రుబ్బి, ఉప్పు వేసి చేత్తో కలిపి మూతలు పెడుతుంది. తెల్లవారి ఐదుకు మూతలు తీస్తుంది. మూడు గుండిగల్లో పిండి అందరిళ్ళలో లాగే పొంగి ఉంటుంది. కిటికీ పక్కనున్న నాలుగోదాంట్లో మాత్రం మంచుకొండ లేచి ఉంటుంది. నెత్తిన చిన్న గుంట, పక్కలకు మడతలు, ఒక భుజాన గోరు దిగేంత పగులు. కింది నుంచి ఆ పగులు దాకా ఆవగింజంత అడుగులు, రెండు వరుసలు. రెండింటి మధ్యా దారప్పోగు లాంటి సన్నని గీత.

కనకవల్లి ఒక్కసారి చూసి, గరిటె దించి కొండను కలిపేస్తుంది. ఆరుకల్లా ప్యాకెట్లు కట్టాలి కదా. దాదాపు ఏడాదిగా ఇదే వరస. ఆ గుండిగలో పిండే కావాలని పట్టుబట్టేవాళ్ళు కూడా ఉన్నారు, దోసె అంచులు బాగా కరకరలాడతాయట. అంతకు మించి దాని గురించి వీధిలో ఎవరూ మాట్లాడుకోలేదు.

అలాంటి అసలు కొండ ఈక్వడార్ దేశంలో ఉంది. దాని పేరు కనకవల్లికి నోరు తిరగదు. కూతురు జనని, అల్లుడు శ్రీకుమార్ సెలవులు దొరికితే చాలు, మూటాముల్లె కట్టుకుని కొండలెక్కే రకం. ఈసారి ఎక్కేది అగ్నిపర్వతమనీ, పైనంతా మంచు కప్పుకుని ఉంటుందనీ జనని చెప్తే కనకవల్లి నమ్మలేదు.

"లోపల నిప్పు, పైన ఐసా? ఎవరికి చెప్తా ఉండావు?"

"మన ఇడ్లీకుండ మాదిరి మా. కింద మంట, పైన తెల్లగా. నువ్వు దినమూ చూసేదే," అని నవ్వింది జనని. "నేనొచ్చే దినానికి పిండి రుబ్బి పెట్టు. ఆడ బ్రెడ్డు తినీ తినీ నోరు చచ్చిపోతుంది."

ఇద్దరూ ఒకే తాడు కట్టుకుని ఎక్కారు. మంచు కింద దాగిన పగుల్లో జనని పడింది. తాడు మంచు అంచుకు ఒరుసుకుని తెగిపోయింది. శవం కూడా దొరకలేదు. నెల తర్వాత శ్రీకుమార్ ఒక్కడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కనకవల్లి అతన్ని అడిగింది ఒక్కటే.

"ఎంతసేపు వెతికినావు?"

"తెలియలేదు అత్తా."

"తెలియనంత తక్కువసేపా?"

అతను తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"నా బిడ్డను ఆడ వదిలేసి దిగొచ్చినావు. ఇంక ఈ గడప తొక్కబాక."

కూతురు పోయిన మనిషిని న్యాయంగా మాట్లాడమని ఎవరు అడగగలరు? ఆ మర్నాటి నుంచే నాలుగో గుండిగలో కొండ లేవడం మొదలైంది.

ఈ జూలైలో జనని ఏడాది తిథి వచ్చింది. ఆ రోజు పిండి అమ్మకూడదు. అయినా ముందురోజు సాయంత్రం అలవాటు కొద్దీ రుబ్బేసింది. పొద్దున మూతలు తీయకుండానే వంటలో పడి, వడలూ పాయసమూ చేసి, ఫోటో ముందు ఆకు వేసింది.

పదింటికి శ్రీకుమార్ వచ్చి గడప బయటే నిలబడ్డాడు. అంత ఎండలోనూ కాళ్ళకు బూట్లున్నాయి.

"ఈ రాత్రికి ఫ్లైట్ అత్తా. ఆ కొండకే మళ్ళీ పోతా ఉండా, ఒంటిగా. ఆమె దొరికేదాకా దిగను."

తిరిగొచ్చే ఉద్దేశం ఉన్నవాడి గొంతు కాదది. కనకవల్లికి ఆ సంగతి తెలిసింది. తెలిసి కూడా, "పో," అని ముఖం తిప్పుకుంది.

మధ్యాహ్నం పక్కింటి వినోదిని సాయానికి వచ్చింది. కిటికీ పక్క గుండిగ మూత పైకి లేచిపోయి, పిండి అంచు మీదుగా కారుతోంది. ఆమె మూత తీసి నిలబడిపోయింది.

"అక్కా, ఈడికి రా. పగులు తర్వాత కూడా అడుగులుండాయి."

ఏడాదిలో ఆ పిండి తెల్లవారి ఐదు దాటాక కూడా కొండగా నిలిచింది ఆ ఒక్కరోజే. కనకవల్లి వంగి చూసింది. పగులు దగ్గర ఒక వరుస ఆగిపోయింది. రెండోది కిందికి దిగలేదు. పగులు చుట్టూ తిరిగింది. మళ్ళీ తిరిగింది. అడుగు మీద అడుగు పడి అక్కడ కాలువ పడిపోయింది. కొంతసేపటికి కుడి అడుగు అడుగులా లేదు, ఈడ్చిన గీతలా ఉంది. అయినా తిరుగుడు ఆగలేదు. ఆ తర్వాత కింది నుంచి కొత్త అడుగులు నాలుగు వరుసలుగా ఎక్కి వచ్చాయి. అక్కడి నుంచి కొండ కింది దాకా రెండు మడమల చారలు. వాటి పక్కనే, పట్టు కోసం మంచులోకి దింపిన వేళ్ళ గుర్తులు.

"అల్లుడు దిగి రాలేదు వినోదినీ," అంది కనకవల్లి. "ఈడ్చుకొచ్చినారు."

వాళ్ళు చూస్తుండగానే, పులిసిపోయిన పిండి కుంగి చదునైపోయింది.

కనకవల్లి చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తింది. శ్రీకుమార్ ఎంతో దూరం పోలేదు. మెయిన్ రోడ్డు మీది బస్టాపులో సంచీ ఒళ్ళో పెట్టుకుని పొద్దుటి నుంచీ అలాగే కూర్చుని ఉన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని లేపింది.

"ఇంటికి రా నాయనా."

గడప దగ్గర, "బూట్లు ఇప్పు," అంది. అతను సందేహించాడు, తర్వాత విప్పాడు. మంచు తినేసిన కుడి పాదానికి ఒక్క వేలు కూడా లేదు. ఎడమదానికి రెండు లేవు.

పెళ్ళిలో ఈ పాదాల్నే పళ్ళెంలో పెట్టి మొగుడు యతిరాజులు కడుగుతుంటే, పక్కన కూర్చుని చెంబుతో నీళ్ళు పోసింది తనే. మరుసటి ఏడే పోయిన ఆ మొగుడికి ఈ సంగతి తెలియకపోవడమే మేలనుకుంది. చెంబు తెచ్చి, ఒక చేత్తో నీళ్ళు పోస్తూ ఒక చేత్తో కడిగింది.

"నాకు చెప్పుంటే ఏం నాయనా?"

"ఆమెనే తేలేకపోయినా. వేళ్ళ సంగతి ఏం చెప్పేది అత్తా?"

"ఎంతసేపు వెతికినావో నేను చూసినా. చాలు. ఇంక ఏడికీ పోబాక."

ఆ రాత్రి ఫ్లైట్ అతను లేకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు ఐదుకు కనకవల్లి మూతలు తీసింది. నాలుగు గుండిగల్లోనూ పిండి ఒకేలా, అందరిళ్ళలో లాగే పొంగి ఉంది. కిటికీ పక్కదాంట్లో వేలి కొసతో మెల్లగా వెతికింది. ఆవగింజంత అడుగు ఒక్కటీ లేదు. ఏడాది పొడుగునా జనని రోజూ ఆమె వంటింట్లోకి వచ్చింది. రోజూ తనే గరిటె పెట్టి కలిపేసింది. కనకవల్లి గుండిగను కావలించుకుని, ఏడాదిలో మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది.

శ్రీకుమార్ కుంటుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆరు దాటింది, ఏడు దాటింది. ఆ ఏడుపు విన్న వీధిలో ఆ రోజు పిండి కోసం ఎవరూ తలుపు తట్టలేదు.