నలభయ్యో తాళంచెవి

తాడును డీజిలు ఆటో వెనకున్న ఇంజను చక్రం గాడిలో మూడు చుట్లు చుట్టి, ఎడమకాలు బంపరుకు తన్నిపెట్టి, నిస్సార్ గట్టిగా లాగాడు. బండి దగ్గి ఆగిపోయింది. మళ్లీ చుట్టి లాగాడు. ఈసారి ఆయనే దగ్గాడు, బండి స్టార్టయింది. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంటిముందు జరిగేది ఇదే. ఇద్దరిలో ఒకరు దగ్గకుండా ఆ సందులో తెల్లవారదు.

వెనకనుంచి తన్నుకొచ్చిన నల్లపొగ నేరుగా వెళ్లి ప్రహరీగోడకు కొట్టుకుంది. ఆ గోడకు సున్నం వేయడం ఆయన భార్య హుస్సేన్‌బీ ఎప్పుడో మానేసింది.

"నాలుగింటికల్లా యార్డులో పెట్టాలి గదా. ఇవాళ కూడా ట్రిప్పేంటి? దారిలో అది కూలబడిందంటే ఎవరు మోసుకొస్తారు?" అంది ఆవిడ గడపలోంచి.

"ఒక్క ట్రిప్పే. రూతమ్మకి డ్యూటీ ఉంది."

"ఆవిడకి బస్సు లేదా?"

"బస్సుంది. రావడమే లేదు."

తాడును చుట్టచుట్టి చొక్కాజేబులో పెట్టుకున్నాడు. మనిషి పొట్టి. కుడిభుజం ఎడమదాని కన్నా రెండు వేళ్లు కిందికి ఉంటుంది. అరచేతి మధ్యలో తాడు ఒరిసి ఒరిసి కాయకాచిన గీత ఒకటి ఉంది. చేతిగీతలు చూసే మనిషెవరో ఒకసారి దాన్ని చూసి, ఇది పుట్టుకతో వచ్చిన గీత కాదు, దీని ఫలితం నాకు తెలియదన్నాడు. ఆ బండికి తాళంచెవి లేదు. స్విచ్చి పాడై పద్నాలుగేళ్లయింది. తీగలు మెలేసి పెట్టాడు. ఆ తాడు చుట్టే ఒడుపు ఇంకొకరికి చేతకాదు గనక దొంగల భయం లేదు. అయినా రోజూ తాడును ఇంట్లోకి తీసుకెళ్లి మేకుకి తగిలించేవాడు. తాళం వేసినట్టే.

ఊరికి గ్రాంటు వచ్చింది. మనకి ఏ గ్రాంటు వచ్చినా ముందు బ్యానరు వస్తుంది, తరవాత మీటింగు వస్తుంది, ఆ తరవాత టీలు వస్తాయి. గ్రాంటు ఎక్కడిదాకా వచ్చిందయ్యా అంటే దారిలో ఉందంటారు. ఈసారి ఎవరు ఏమరుపాటుగా ఉన్నారో ఏమో, నిజంగానే వచ్చింది. గాలి బాగుపడాలంటే పాత డీజిలు ఆటోలు పోవాలి కాబట్టి, పాతబండి అప్పగించినవాళ్లకి కరెంటు ఆటో ఇస్తారు. నలభై బండ్లకే. బండి తోసుకుని కాదు, తనంతట తాను నడిచి రావాలి. బండి చట్రం మీద చెక్కిన ఛాసిస్ నంబరు రికార్డుతో సరిపోవాలి. కొత్తబండి ఆ ఇంట్లో లైసెన్సున్న ఆడమనిషి పేరునే ఇస్తారు. ఇవాళ నాలుగింటితో ఆఖరు. దాటితే పేరు కొట్టేసి, వెనకాల కాచుకున్నవాడికి ఇస్తారు.

నిస్సార్ కూతురు ఆసిమాకి లైసెన్సుంది. ఇరవై ఆరేళ్లది. బట్టలకొట్లో పదిగంటలు నిలబడి చీరలు విప్పి, మళ్లీ మడతపెడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు వేణ్ణీళ్లలో పెట్టుకుని కూచుంటుంది. కూచుని చేసే పని ఏదైనా ఉంటే చాలు నాన్నా అని ఒక్కసారి అంది. మళ్లీ అనలేదు. ఆయన మర్చిపోలేదు. పేరు రాయించిన రోజునుంచి ఆయన నమాజులో అడిగేది ఆ ఒక్కటే.

నాలుగురోజుల కిందట బండికి రంగు వేయించాడు. తుక్కుకి పోయేదానికి సింగారమా అని స్టాండంతా నవ్వింది. ఇరవై రెండేళ్లు అన్నం పెట్టింది, మాసినబట్టతో పంపితే నాకు ముద్ద దిగదన్నాడు. పెయింటరు యూసుఫ్ చిన్ననాటి స్నేహితుడు. గీసి, రుద్ది, పసుపు పసుపులా, నలుపు నలుపులా తేల్చి ఇచ్చాడు.

బస్టాండు పక్కన రూత్ నిలబడి ఉంది. విస్సన్నపేట ఆసుపత్రిలో నర్సు. పన్నెండేళ్లుగా కుడివైపు కొసనే కూచుంటుంది. పొగ వచ్చేది కూడా అటే. తెల్లచొక్కా కుడిచెయ్యి పేట చేరేసరికి బూడిదరంగు తేలుతుంది. సబ్బు కొనమంటే మా ఆయన నిస్సార్ అన్నని అడగమంటున్నాడని నెలకోసారి దెప్పుతుంది. ఇటు జరగమంటే జరగదు. అటైతే గాలి తగులుతుందట.

బండి ఊరు దాటింది. మామిడితోటలు మొదలయ్యాక రూత్ ముందుకి వంగింది.

"అన్నా, ఇవాళే కదూ?"

"ఎవరు చెప్పారు?"

"ఒకళ్లు చెప్పాలా? మా వార్డులో కూడా ఇంటికి పంపేరోజునే అందరికీ తల దువ్వుతాం."

నిస్సార్ నవ్వబోయి దగ్గాడు. కిందటేడు ఎక్సురే తీయించింది ఆవిడే. డాక్టరు పొగ మానేయమన్నాడు. బీడీ కూడా ముట్టను సార్ అన్నాడు ఈయన. ఆ పొగ కాదయ్యా అన్నాడు డాక్టరు. ఈ పొగ మానేస్తే పొయ్యిలో పొగ రాదని చెప్పడం ఎందుకులెమ్మని, తలూపి వచ్చేశాడు.

ఆ రోడ్డు మీద నిస్సార్‌కి తెలియని గుంట లేదు. ఒకామె నొప్పులతో ఎక్కితే ప్రతి గుంటనీ తప్పించుకుంటూ వెళ్లాడు. ఆ పుట్టిన పిల్ల ఇప్పుడు ఇదే బండెక్కి కాలేజీకి వెళుతుంది, సౌండు తగ్గించు మామయ్యా అంటుంది. బండికి సౌండు తగ్గించే మీట ఉండదని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

విస్సన్నపేటలో అందరూ దిగారు. రూత్ దిగి, వెనకవైపు కమ్మీని చేతిరుమాలుతో తుడిచింది. రుమాలు నల్లబడింది. దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇది మాత్రం ఉతకను," అని గబగబా వెళ్లిపోయింది.

ఊరికి తిరిగొచ్చి, రెండున్నరకి బండి మార్కెట్ యార్డులో అడుగుపెట్టింది. ముప్పైతొమ్మిది ఆటోలు అప్పటికే వరుసగా ఉన్నాయి. ఆఫీసు కుర్రాడు గురుచరణ్ బండి నడుస్తూ రావడం చూసి ఒక టిక్కు పెట్టాడు. ఇంజను ఆపించాడు. సీటు ఎత్తించి, ఛాసిస్ మీద సన్నని కాగితం పరిచి పెన్సిలుతో రుద్దాడు. కింద చెక్కిన నంబరు ఉబ్బెత్తుగా కాగితం మీదికి రావాలి. రాలేదు. కాగితం మొత్తం ఒకే నలుపు.

"నిస్సార్ గారూ, నంబరేదండీ?"

"అక్కడే ఉంది సార్. ఎడమపక్క."

"ఇక్కడ రంగుంది."

నిస్సార్ వంగి తడిమాడు. నున్నగా తగిలింది. యూసుఫ్ లప్పం పూసి సాపు చేసిపారేశాడు. ఫోను చేస్తే పది నిమిషాల్లో వచ్చాడు.

"గుంటలు కనపడ్డాయి, పూడ్చాను. సగంపని చేస్తే ఊరుకుంటావా నువ్వు?" అన్నాడు. అని, ఏం చేశాడో అర్థమై, తలమీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

నిస్సార్ పదిహేడు అక్షరాలూ, అంకెలూ గడగడ చదివాడు. గురుచరణ్ రికార్డు చూస్తూ విన్నాడు. ఒక్కటీ తప్పు పోలేదు.

"మీరు చెప్పింది కరెక్టేనండీ. నోటిమాట అప్‌లోడు అవదు."

చెడ్డవాడు కాదు. వాడి చేతిలో కాగితమే అలాంటిది.

పక్కనే వినగడప నుంచి వచ్చిన ఇమ్మాన్యుయేల్ నిలబడి ఉన్నాడు. జాబితాలో నలభై ఒకటోవాడు. ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్లాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒకడికి తప్పితే గాని తనకి రాదని తెలిసి, మంచివాడు గనక, వేరేవైపు చూస్తున్నాడు.

యూసుఫ్ థిన్నరు పోసి బ్లేడు తీశాడు. గీకబోయి ఆగాడు. లప్పంతో పాటు అంకె గీతలు కూడా లేస్తే ఇక ఆ బండి ఏ బండో దేవుడు కూడా చెప్పలేడు. ఎక్కడ మొదలయ్యిందో గుర్తుందా అని నిస్సార్‌ని అడిగాడు. ఇరవై రెండేళ్లు దాని మీద కూచున్నాడే గాని, ఎన్నడూ వంగి చూసినవాడు కాదు. కాగితంలో చూసి కంఠతా పట్టాడు, అంతే. టైము మూడుంబావు.

ఫోనులో సంగతి విని, ఆసిమా కొట్లో చెప్పి పరిగెత్తుకొచ్చింది. చున్నీ నడుముకి చుట్టుకుని సీటుకింద మోకాళ్లమీద కూచుంది. నాలుగేళ్లప్పుడు ఆమె చోటు అదే. తల్లి కూలికి వెళితే, తండ్రి కాళ్లదగ్గర కూచుని రోజంతా విస్సన్నపేట పోయేది, వచ్చేది. చేయడానికి ఏమీ లేక ఆ గుంటల్లో వేలు పెట్టి దిద్దేది. బళ్లో పంతులు ఏడు రాయమంటే మిగతా పిల్లలు పలకమీద చూశారు, ఆ పిల్ల వేలికొనకేసి చూసుకుంది.

కళ్లు మూసుకుని రేకుమీద వేలు జరిపింది. బోల్టునుంచి జానెడు కొలిచింది.

"ఇక్కడ, నాన్నా. ఏడు ఇక్కడుంటుంది. దాని తోక కొంచెం వంకర."

జడలోంచి పిన్ను తీసి, థిన్నరుకి మెత్తబడిన లప్పాన్ని పంట్లో ఇరుక్కున్నది తీసినట్టు తీసింది. తోక వంకర ఏడు బయటపడింది. దాని పక్కన సున్నా. మూడు పిన్నులు వంగిపోయాయి. యూసుఫ్ తువ్వాలుతో తుడుస్తూ ఉన్నాడు. కొత్తరంగంతా చారలు చారలుగా కారి, బండి ఏడ్చి కాటుక చెరిగినట్టయింది. నిస్సార్ దాన్ని చూడకుండా గడియారాన్నే చూశాడు.

మూడూ నలభై అయిదుకి గురుచరణ్ మళ్లీ కాగితం పరిచి రుద్దాడు. అంకెలు ఒకటొకటే లేచాయి. ఫోటో తీశాడు. పంపాడు. ఫోనులో ఆకుపచ్చ గుర్తు పడేదాకా అందరూ దానికేసే చూశారు. పడ్డాక ఇమ్మాన్యుయేల్ వచ్చి నిస్సార్ చెయ్యి పట్టుకుని, మీ అమ్మాయిది బంగారం చెయ్యి అన్నాడు. పెళ్లాన్ని తీసుకుని గేటుకేసి నడిచాడు. గేటు దాటేదాకా నిస్సార్ ఆ నడకనే చూశాడు. గ్రాంటు నలభైమందికే వస్తుంది. పొగ అలా లెక్క చూసుకోదు.

"బండిని వరుసలో పెట్టేయండి," అన్నాడు గురుచరణ్.

నిస్సార్ వెనక్కి వెళ్లాడు. మూడు చుట్లు చుట్టాడు. కాలు తన్నిపెట్టాడు. లాగాడు. మొదటి లాగుకే అందుకుంది. దగ్గలేదు. ఇద్దరిలో ఎవరూ దగ్గలేదు. ముప్పై గజాలు నడిపి, ముప్పైతొమ్మిదో బండి పక్కన ఆపి, ఇంజనాపే తీగ లాగాడు. రెండుసార్లు కుదిపి ఊరుకుంది. కాసేపు అందులోనే కూచున్నాడు. దిగి, అద్దాన్ని మోచేత్తో ఒకసారి తుడిచి వచ్చేశాడు.

"తాళంచెవి ఇవ్వండి. ఈ కాగితంలో ఒక గడి ఉంది. తాళంచెవి అప్పగించారు అని," అన్నాడు గురుచరణ్.

"లేదు సార్. దీనికి ఎప్పుడో పోయింది."

"ఏదో ఒకటి ఇవ్వాలండీ. ఖాళీగా ఉంటే వెనక్కి పంపుతారు."

నిస్సార్ జేబులోంచి తాడు తీశాడు. మధ్యలో చేతిచెమటకి నల్లబడి, మెరుస్తోంది. కొసన చెక్కపిడి, ఆ పిడిమీద నాలుగు వేళ్ల గుంటలు. గురుచరణ్ ఒకసారి తాడుని, ఒకసారి ఆయన చేతిని చూశాడు. అట్టముక్కమీద నలభై అని రాసి తాడుకి కట్టాడు.

కొత్తబండి తెల్లగా ఉంది. ఆసిమా ఎక్కి కూచుంది. నిస్సార్ అలవాటుగా వెనక్కి వెళ్లి, కాలు ఆనించి, జేబులో చెయ్యి పెట్టాడు. జేబు ఖాళీ.

"ఇటు రా నాన్నా. అక్కడేం లేదు."

వచ్చి వెనక సీట్లో కూచున్నాడు. కుడివైపు కొసన. బండి ఎప్పుడు కదిలిందో ఆయనకి తెలియలేదు. బోసుబొమ్మ సెంటరు దాటాక, మామూలు గొంతుతోనే, ఎదురుగా గేదెలున్నాయి చూసుకో అన్నాడు. ఆసిమాకి వినబడింది. ఆ ఇంట్లో వాళ్లు బండిలో కూచుని అరవకుండా మాట్లాడుకోవడం అదే మొదలు.

యార్డు ఆఫీసు గదిలో, తలుపు పక్కన, మేకులు కొట్టిన చెక్క ఒకటుంది. దానికి ముప్పైతొమ్మిది తాళంచెవులు వేలాడుతున్నాయి. ఆఖరి మేకుకి, మూడు చుట్లు చుట్టి, ఒక తాడు.