గంటాయన మాట్లాడిన రోజు

వంటింటి గట్టు మీద ఇత్తడి గంటను బోర్లించి గంటాయన నిమ్మచెక్కతో రుద్దుతున్నాడు. నగరపాలక సంస్థలో ఆయన అటెండరు. ఏటా బడ్జెట్‌ను ఖాయం చేసే ముందు ఊళ్ళోవాళ్ళ అభిప్రాయం వినడానికి ఒక సభ పెడతారు. మనిషికి మూడు నిమిషాలు. సమయం అయిపోగానే గంట కొట్టడం ఆయన పని. గంటను ముందురోజే ఇంటికి తెచ్చుకుంటాడు, ఆఫీసులో వదిలేస్తే ఏ దద్దమ్మో దాన్ని కాగితాల మీద బరువు పెట్టుకుంటాడని. మేయరమ్మగారి మరిది మాట్లాడుతున్నా సరే, మాట సగం గొంతులో ఉండగానే కొట్టిపారేసేవాడు. ఆయన అసలు పేరు ఆఫీసులో చాలామందికి తెలియదు.

పక్కగదిలో దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఆగింది. ఆ తర్వాత ఈల వేసినట్టు ఊపిరి. అక్క గోడ పట్టుకుని వచ్చి స్టూలు మీద కూర్చుంది. సన్నటి మనిషి. ఊపిరి తీసినప్పుడల్లా భుజాలు చెవుల దాకా లేచి, మెడ దగ్గర గుంట పడుతోంది. భర్త పోయినప్పటి నుంచి తమ్ముడి దగ్గరే ఉంటోంది. తమ్ముడికి పెళ్ళి కాలేదు. వచ్చిన సంబంధాలన్నిటికీ ఏదో ఒక వంక పెట్టి, చివరికి వంకలు పెట్టడానికి సంబంధాలే లేకుండా చేసుకున్నాడు.

ఆమెకు ఉబ్బసం. మరీ ఎక్కువైనప్పుడు వీధి చివరి చిన్నాసుపత్రికి నడిచి వెళ్తుంది. అక్కడ గోడ మేకుకున్న టోకెను తీసుకుని కూర్చుంటే, నర్సమ్మ పిలిచి ముక్కుకు మాస్కు తగిలించి మిషను పెడుతుంది. కాసేపటికి అక్క లేచి, తమ్ముణ్ణి తిట్టగలిగినంత ఊపిరితో ఇంటికి వస్తుంది. ఇప్పుడు ఆ ఆసుపత్రిని ఎత్తేసి, ఆ గదులను పోలీసు ఔట్‌పోస్టుకు ఇవ్వాలని బడ్జెట్‌లో రాశారు. పెద్దాసుపత్రి వంతెన అవతల ఉంది. సాయంత్రమైతే ఆ వంతెన మీద బళ్ళు కదలవు.

"ఇవాళ నువ్వు మాట్లాడరా," అంది అక్క.

"గంట కొట్టేవాడు మాట్లాడ్డం ఎక్కడైనా విన్నావా?"

"ఆ గంటేదో కాసేపు ఇంకొకళ్ళ చేతికివ్వు."

"ఎవరికిస్తాను? ఆ గుమాస్తాకా? వాడికి గడియారం చూడ్డమే సరిగ్గా రాదు."

"పోనీ నువ్వే పట్టుకుని చెప్పు. ఆ మిషను లేకపోతే మా అక్కకి ఊపిరాడదు, ఆస్పత్రి తియ్యకండి అని. అంతేగా చెప్పాల్సింది. ఇంకెవర్నీ ఏమీ అనకు."

"నేనెవర్నేమంటానే?"

అక్క నవ్వబోయి దగ్గింది. ఆయన గంటను పాత తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

సభా మందిరంలో కుర్చీలను మోకాలితో నెట్టి వరసలు సరిచేశాడు. ముందు వరస సభ్యులది. వాళ్ళను చూస్తే గంటాయనకు ఒళ్ళు మండుతుంది. కునుకు తియ్యడానికి వస్తారు, చెయ్యి ఎత్తడానికి లేస్తారు, ఫొటో తీసేవాడు కనిపిస్తే బడ్జెట్ కాగితాలను తిరగేస్తారు. కొన్నిసార్లు తలకిందులుగా పట్టుకుని మరీ తిరగేస్తారు. వెనక వరసల్లో కూర్చునే ఊళ్ళోవాళ్ళన్నా ఆయనకు అంతే. ఊరు మునిగిపోతున్నా వాళ్ళకు తమ గుమ్మం ముందు గుంట తప్ప ఇంకోటి పట్టదు.

ముందుగా పోలీసు అధికారి లేచాడు. అధికారులకు గంట లేదు. తెర మీద కొత్త బండి బొమ్మ వేసి చూపించాడు. ఛాతీ ఎత్తు చక్రాలు, తుపాకీ గుండుకు పగలని అద్దాలు, నెత్తి మీద తిరిగే దీపం. ఊరి భద్రతకు అది ఎంత అవసరమో చెప్పాడు. చెప్పిందే మళ్ళీ చెప్పాడు. ముందు వరసలో తలలు ఊగాయి, కొన్ని నిద్రలో. గంటాయన మూతి విరిచాడు. ఆయనకు తెలిసి ఈ ఊళ్ళో జరిగిన పెద్ద తిరుగుబాటల్లా, నీళ్ళు రాలేదని ఆడవాళ్ళు బకెట్లు అడ్డం పెట్టి రోడ్డు మీద కూర్చోవడమే.

తర్వాత ఊళ్ళోవాళ్ళ వంతు. ఒకాయన తన పూలమొక్కల దగ్గర కెమెరా పెట్టించమన్నాడు, ఎవరో పూలు కోసుకుపోతున్నారట. గంట. ఒకాయన వీధి కుక్కల గురించి మొదలుపెట్టి వియ్యంకుడి దగ్గర తేలాడు. గంట. చిన్న కిరాణా కొట్టు నడుపుకునే ఒకావిడ లేచింది.

"నా కొట్టు తాళం రెండుసార్లు పగలగొట్టారండీ. ఫోన్ చేస్తే మర్నాడొచ్చారు. నాకు బండి వద్దండీ. చీకటి పడ్డాక ఒక్క మనిషి అటూ ఇటూ నడిస్తే చాలు. ఆ ఒక్క మనిషినీ..."

గంట. ఈ మందలో బుర్ర ఉన్నది ఈవిడొక్కదానికే అని గంటాయనకు అనిపించింది. అయినా సమయం సమయమే. ఆవిడ నోరు మూసుకుని కూర్చుంది.

అందరిదీ అయిపోయింది. గంటాయన లేచి నిలబడ్డాడు. కిటికీ మూయడానికి లేచాడనుకున్నారు.

"నేనూ ఈ ఊళ్ళోనే ఉంటున్నానండీ," అన్నాడు.

మేయరమ్మ కళ్ళజోడు తీసి చూసింది. "మీరా? చెప్పండి, చెప్పండి. మరి గంట?"

"నా దగ్గరే ఉంటుందండీ."

హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఆయనకు బాగుంది. అక్కడే కొంప మునిగింది.

"బండి చూశానండీ, బ్రహ్మాండంగా ఉంది. ఈ ఊళ్ళో తుపాకులున్నది పోలీసుల దగ్గరే. వాళ్ళ గుండ్ల నుంచి వాళ్ళే కాచుకోవడానికా ఆ అద్దాలు?"

వెనక వరసలు గొల్లుమన్నాయి. పోలీసు అధికారి ముఖం కందగడ్డ అయింది. గంటాయనకు ఊపు వచ్చింది. ఇన్నేళ్ళుగా గోడ పక్కన నిలబడి మింగిన మాటలన్నీ ఒక్కసారిగా నాలుక మీదికి వచ్చాయి.

"సభ్యుల గురించి చెప్పాలా? కిందటేడు మురుగుకాలవకు చెయ్యెత్తమంటే ఒకాయన నిద్రలో రెండు చేతులూ ఎత్తారు. ఆ కాలవ ఇప్పటికీ పొంగుతూనే ఉంది. ఇక జనం. పూలమొక్కకు కాపలా కావాలట. పూటకో కానిస్టేబుల్ని పెట్టి నీళ్ళు కూడా పోయించమంటారా?"

చప్పట్లు కొట్టారు. తిట్లు తిన్నవాళ్ళే ఎక్కువ కొట్టారు. గంటాయన గుమాస్తానూ వదల్లేదు, గోడకు వెల్ల వేసిన కాంట్రాక్టరునూ వదల్లేదు. ఒక్కొక్కరినీ ఉతికి ఆరేస్తుంటే ప్రాణం హాయిగా ఉంది. అలా ఉతుకుతూనే అలవాటు కొద్దీ గోడ మీది గడియారం వైపు చూస్తున్నాడు.

"ఇక అసలు సంగతికొస్తే," అన్నాడు.

ఆయన చెయ్యి గంట కొట్టింది.

అందరూ పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. మేయరమ్మ కళ్ళు తుడుచుకుంది. "టైమ్ అయిందని మీరే అన్నారు కదండీ," అంది. ఒక్క నిమిషం అడిగితే కాదనేవాళ్ళు ఆ హాల్లో ఎవరూ లేరు. "ఆయన్ని చెప్పనివ్వండి పాపం," అని కిరాణా కొట్టావిడ వెనక నుంచి అంది కూడా. గంటాయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడ నోట్లోనే ఆగిపోయిన మాట గుర్తొచ్చింది. ఎవరికీ ఇవ్వని నిమిషాన్ని తాను ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు?

"రూలు రూలేనండీ," అని కూర్చున్నాడు.

ముందు వరసలో చేతులు లేచాయి. బండికీ లేచాయి, ఔట్‌పోస్టుకూ లేచాయి.

ఇంటికి వచ్చేసరికి అక్క గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"బాగా నవ్వారు."

అక్క ఆయన ముఖంలోకి చూసింది. "అందర్నీ తిట్టుంటావు," అంది. కోపంగా అనలేదు. లేచి పళ్ళెం పెట్టింది. ఆయన ఆ పూట అన్నంలో కూడా వంక పెట్టకుండా తిన్నాడు.

ఆసుపత్రి బోర్డు దింపి పోలీసు బోర్డు ఎక్కించారు. నర్సమ్మను ఎక్కడికో బదిలీ చేశారు, మిషను ఆమెతోనే వెళ్ళింది. చలి మొదలయ్యాక ఒక సాయంత్రం గంటాయన ఆఫీసు నుంచి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది, అక్క ఇంట్లో లేదు. ఎక్కడికి వెళ్ళి ఉంటుందో ఆలోచించాల్సిన పని లేదు. పరుగెత్తాడు.

ఔట్‌పోస్టు గుమ్మంలో కానిస్టేబులు నిలబడి ఉన్నాడు. చిన్నవాడు, ఊరికి కొత్త. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. ఆమె పట్టుకున్నప్పుడు చిరిగిందట. కంప్లైంటు ఇవ్వడానికి వచ్చిందనుకున్నాడట. మాట రాకపోతే భయపడి స్టేషనుకు ఫోన్ చేశాడు. కొత్త బండి వచ్చింది. తనే చేతుల మీద ఎత్తుకుని అందులో కూర్చోబెట్టాడు. వంతెన మీద దారి ఇమ్మని దిగి అరిచాడు. వంతెన దాటకముందే ఆమె పోయింది. పెద్దాసుపత్రిలో దించి, ఇంటివాళ్ళెవరో కనుక్కుందామని ఇప్పుడే తిరిగి వచ్చాడు.

గంటాయన ఆ పిల్లాణ్ణి ఎగాదిగా చూశాడు. ఏదో ఒక లోపం దొరుకుతుందని వెతికాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అసహ్యించుకోవడానికి ఏమీ దొరకలేదు.

"ఇక్కడ ఆస్పత్రి ఉండేదని నాకు తెలీదండీ," అన్నాడు కానిస్టేబులు. "ఎవరూ చెప్పలేదు."

"నేను చెప్పాల్సింది బాబూ," అన్నాడు గంటాయన. "చెప్పలేదు."

కానిస్టేబులు ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. గోడకు ఆసుపత్రివాళ్ళ టోకెన్ల మేకు అలాగే ఉంది, తియ్యమని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఎవరూ తియ్యలేదు. వస్తూనే ఆవిడ అక్కణ్ణించి ఏదో తీసుకుని, పిలుస్తారేమోనన్నట్టు ఆ కుర్చీలో కూర్చుందండీ అని కానిస్టేబులు చూపించాడు. కుర్చీ ఖాళీగా ఉంది. అందులో ఒక ప్లాస్టిక్ టోకెను పడి ఉంది, దాని మీద సగం చెరిగిన ఎర్రటి ఒకటో నంబరు.