తొలినిప్పు వేసినవాడు

రెండో బకెట్టు ఆనపపాదుకి పోసి, మూడోది బచ్చలిమడికి మోసుకెళ్తున్నాడు సోంబరు. సబ్‌జైలు వెనక ఉన్న ఆ కాస్త జాగాలో తోట అతని చేతి చలవే. విచారణ ఖైదీ చేత పని చేయించకూడదని రూలుంది. ఎవరూ చేయించలేదు కూడా. వచ్చిన మూడో రోజున ఖాళీగా పడున్న మట్టిని చూడలేక తనే చెయ్యి పెట్టాడు. అప్పట్నుంచి వార్డర్ల ఇళ్ళకి కూరలు వెళ్తున్నాయి, రూలు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

యాభై దాటిన మనిషి, పొట్టి. కొండలెక్కి గట్టిపడిన పిక్కలు మూడున్నరేళ్ళలో మెత్తబడిపోయాయి. కుడి ముంజేతి మీద పాత నిప్పురవ్వల మచ్చలు. గోడ ఎత్తుకి అవతలి కొండ కనిపించదు. పొద్దుటి పొగమంచు మాత్రం ఎవరి అనుమతీ అడక్కుండా గోడ దాటి వస్తుంది. ఆ వాసన పట్టి బయట వలిసె చేలు పూశాయో లేదో చెప్పేస్తాడు. చెప్పి ఏం లాభం? కోసేది తను కాదు.

ఆ గోడ మీదే నీలంరంగు అక్షరాలున్నాయి. ఉచిత న్యాయ సహాయం పొందుట ఖైదీల హక్కు. కిందటేడు వెల్ల వేసినప్పుడు ఆ అక్షరాల మీద సున్నం చుక్క పడకుండా జాగ్రత్త పడింది సోంబరే. అవి ఏమంటున్నాయో అతనికి తెలీదు. తెలిసినవాళ్ళకి చెప్పే తీరిక లేదు.

అతని కేసు రెండు ముక్కల్లో తేలిపోతుంది. పోడు సాగుకి కొండవాలు కాల్చేముందు వాళ్ళ ఊళ్ళో ఒకణ్ణి ఎంచుకుంటారు. తొలినిప్పు వాడు వేస్తాడు. ఆ ఏడు ఏ కొండ మీద ఏ మంట దారి తప్పినా జవాబు వాడిదే. పాక కాలితే వాడు కట్టిస్తాడు, మేక చస్తే వాడు మేకనిస్తాడు. రెండువేల సంవత్సరం ఎండాకాలంలో సోంబరు వంతు వచ్చింది. అతను తొలినిప్పు వేసిన అయిదో రోజున అవతలి కొండవాలులో కలప షెడ్డు కాలి, లోపల నిద్రపోతున్న కాపలావాడు చనిపోయాడు. పోలీసులు ఊళ్ళోకొచ్చి నిప్పు ఎవరిదని అడిగారు. ఊరు సోంబరు వైపు చూసింది. అతను తువ్వాలు భుజాన వేసుకుని ముందుకొచ్చాడు. ఏ రోజు నిప్పు, ఏ కొండ నిప్పు అని వాళ్ళూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

కోర్టులోనూ అంతే. "నిప్పు పెట్టింది నువ్వేనా?" అంటే "నానే" అన్నాడు. వకీలు కావాలా అంటే వద్దన్నాడు. తన నోరు తనకుండగా మధ్యలో ఇంకొకడెందుకో అతనికి అర్థం కాలేదు.

భార్య దేముడమ్మ మొదటి ఏడు నాలుగుసార్లు వచ్చింది. రెండో ఏడు ఒక్కసారి. ఆ తర్వాత మోకాళ్ళు కొండ దిగనివ్వలేదట.

ఆ రోజు పదకొండు గంటలకి హెడ్ వార్డర్ వరహాలరావు తోటలోకొచ్చి కేకేశాడు. "ఒరే సోంబరూ, బేగి రా. నీకోసం లాయరమ్మ వొచ్చింది."

"నాను పిలవనేదు బాబూ."

"నువ్వు పిలిత్తే వొత్తాదేటి? గవర్నమెంటు పంపింది. నడు."

న్యాయసేవా కమిటీ పంపిన ఆ పిల్ల పేరు రాజకుమారి. కొండమీది ఊళ్ళోనే పుట్టి, హాస్టళ్ళలో చదివి, నల్లకోటు వేసుకుని ఇంకా ఏడాది నిండలేదు. స్టూలు మీద కూర్చుని చార్జిషీటు తిరగేస్తోంది.

"సిన్నాన్నా, ఆ షెడ్డు కాలినరోజు నువ్వెక్కడున్నావు?"

"సంతకెల్లేను. సింతపండు ఎత్తుకుని."

పెన్ను ఆగింది. "మరి నానే అని ఎందుకు సెప్పేవు?"

"ఆ ఏడు తొలినిప్పు నాది కదమ్మా."

పట్నం లాయరైతే తల బాదుకునేవాడు. రాజకుమారి బాదుకోలేదు. కాగితాలు మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"మా నాన్నా ఏసేడు ఓ ఏడు. తొలకరి పడి బూడిద కొట్టుకుపోతే ఊరిపెద్ద వొచ్చి ఆ మనిషి సేతుల మీద నీలు పోస్తాడు. ఆపైన మరి ఎవులూ అడగరు. మీకూ అంతేనా?"

"మాకూ అంతే."

"నువ్వు ఇక్కడికొచ్చినాక ఎన్ని తొలకర్లు పడ్డాయి?"

సోంబరు పాదులు లెక్కేసుకున్నాడు. ఆనప పెట్టింది ఎన్నిసార్లో అన్నిసార్లు. నాలుగు వేళ్ళు ముడిచి, వాటికేసి చూశాడు.

"ఎవులూ నీలు పొయ్యనేదు" అన్నాడు.

రాజకుమారి లేచి, సంచిలోంచి సీసా తీసి మూత విప్పింది. అతను రెండు చేతులూ చాపాడు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి సిమెంటు గచ్చు మీదకి కారాయి.

"గురువారం వాయిదా. సంతలో ఉన్నానని జడ్జిగారికి నీ నోటితో నువ్వే సెప్పాల. నాను పక్కనుంటాను. సెప్తావా?"

"సెప్తాను."

వకాల్తా కాగితం మీద అతని బొటనవేలి ముద్ర తీసుకుంది. దాని పక్కన జైలు సూపరింటెండెంటు సంతకం చేస్తేనే అది చెల్లుతుంది. ఆయన పనిమీద బయటికెళ్ళాడు. "రేపు ఉదయం సంతకం పెట్టించి ఉంచండి, వచ్చి తీసుకెళ్తాను" అని కాగితం వరహాలరావుకిచ్చి వెళ్ళింది.

మధ్యాహ్నం సోంబరు అన్నం ఆబగా తిన్నాడు. కంచం కడుగుతూ జడ్జిగారితో అనబోయే మాట రెండుసార్లు పైకే అనుకున్నాడు. ఇంటికెళ్తే ముందు ఎవరి గుమ్మం ఎక్కాలో కూడా ఆలోచించుకున్నాడు.

నాలుగింటికి వ్యాను వచ్చింది. ఇరవై మంది పట్టే సబ్‌జైల్లో నలభైమంది అయ్యారని, పన్నెండుమందిని కింద పెద్దజైలుకి మార్చమని ఆర్డరు. జాబితాలో పాతవాళ్ళ పేర్లు ముందు రాశారు. అందరికంటే పాతవాడు సోంబరే.

"అక్కణ్ణుంచి వాయిదాలకి తేరు మావా" అన్నాడు తోటి ఖైదీ ధర్మ. రెండేళ్ళు ఆ పెద్దజైల్లో ఉండొచ్చినవాడు. "ఎస్కార్టు నేదంటారు. తారీకు మారుస్తారు, అంతే. నన్ను రెండేళ్ళలో రెండుసార్లు తెచ్చేరు."

సోంబరుకి భయం వేసింది. మూడున్నరేళ్ళలో అదే మొదటిసారి. పొద్దున్నదాకా అతను తన మాట మీద తను కూర్చున్నాడు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు.

"బాబూ, గురువారం దాకా ఉంచు. నాను మాటాడాల."

"నా సేతిలో ఏటుందిరా" అన్నాడు వరహాలరావు. ఆ మాట అబద్ధం కాదు. జాబితా అతను రాయలేదు.

"రేపు ఆ అమ్మొస్తాది. సెప్తానన్నాడని సెప్పు. మరిసిపోకు బాబూ."

"సెప్తాన్లే. ఎక్కు."

సోంబరు ఎక్కాడు. వ్యాను ఘాట్‌రోడ్డు వైపు తిరిగింది. ఇనపజల్లెడలోంచి ఒక కొండ కనిపించింది, నిండా పసుపుపచ్చగా వలిసెపూలు. మలుపు తిరగ్గానే అదీ పోయింది.

సాయంత్రం సూపరింటెండెంటు గదికి తాళం వేసే ముందు వరహాలరావు వచ్చిన కాగితాలు సర్దాడు. లేనివాడి వకాల్తా ఏ దొంతరలో పెట్టాలో తోచక బల్ల మీదే ఉంచి, ఎగిరిపోకుండా గాజుబిళ్ళ పెట్టాడు. తడివేలి ముద్ర అంచుల్లో కాస్త పాకి ఆరిపోయి ఉంది, పక్కన సంతకం చెయ్యాల్సిన చోటు తెల్లగా ఉంది.