అయిందని చెప్పేదాకా

ఆదివారం కుట్టు యూనిట్‌కు సెలవు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే ఓబిలేష్ ప్రతి వారంలాగే కణేకల్లు అవతలి ఇసుక దిబ్బలకు బండి మీద వచ్చాడు. సంచిలో పాత స్టిల్ కెమెరా ఉంది. పెళ్లి ఫోటోలు తీసే వంశీ కొత్తది కొనుక్కుని దీన్ని చవగ్గా ఇచ్చేశాడు. ఫోటోల కోసం చేసినదైనా వీడియో కూడా తీస్తుంది. కాకపోతే కొన్ని నిమిషాలకు తనంతట తానే ఆగిపోతుంది.

సినిమాలో నటించేదీ, తీసేదీ అతనే. స్టాండు లేదు. యూనిట్‌లో పక్కన పడేసిన జీన్స్ కాలొకటి తెచ్చి, రెండు కొసలూ కుట్టి ఇసుక నింపాడు. కెమెరా దాని మీదే కూర్చుంటుంది. తను నిలబడబోయే చోట ఒక కట్టె నాటి, దానికి చొక్కా తొడిగి ఫోకస్ చూసుకుంటాడు. తర్వాత కట్టె పీకి, అదే చొక్కా వేసుకుని, ఆ గుంత మీదే నిలబడతాడు.

తీసినదంతా మొన్న వరసగా పెట్టి చూశాడు. నడుస్తున్న మనిషి, కూర్చున్న మనిషి, నీళ్లు తాగుతున్న మనిషి. ఎక్కడా అతన్ని ఇంకొకరు చూడటం లేదు. చూస్తూ చూస్తూ ఉంటే చొక్కా తొడిగిన కట్టెకూ తనకూ తేడా తెలియలేదు.

ఒక్క షాటు కావాలి. తను వెళ్లిపోతుంటే ఎవరో ఒకరు చూడాలి. అది లేకపోతే ఈ సినిమా లేదు.

దిబ్బల కింద మేకలు మేపే అంజనమ్మను అడిగాడు. కొంగు సర్దుకుని, చేతులు కిందికి చాపి, బిగుసుకుని నిలబడింది. ఫోటో పింఛనుకా అని అడిగింది. సినిమాకు అంటే నవ్వింది.

"దీంట్లో యాడ సినిమా వస్తాదప్పా? ఇది ఫోటోల డబ్బా."

తను ఆమె పక్కనుంచి నడిచి కెమెరా దాటి పోతాననీ, పోయేవాణ్ణి చూస్తూ ఉంటే చాలనీ చెప్పాడు. సరేనంది. బటన్ నొక్కి వచ్చి నడిచాడు. తర్వాత చూసుకుంటే ఆమె చూపు కెమెరాలోకే ఉంది. ఇంకోసారి తీసినా అంతే.

"దాన్ని కాదవ్వా, నన్ను చూడు."

"నిన్ను చూస్తే కండ్లు పక్కకు పడవా? పింఛను ఫోటోకు కదిల్నానని మళ్లా తిప్పినారు నన్ను. నువ్వు అయిందని చెప్పేదంకా నేను కదల్ను."

అతనికి కోపం రాలేదు. యూనిట్‌లోనూ అందరి కళ్లూ కుట్టు మీదే ఉంటాయి, కుట్టేవాడి మీద కాదు. అలవాటే. మరోసారి బటన్ నొక్కి నడిచాడు. ఈసారి కెమెరా దాటాక ఆగలేదు. దిబ్బ ఎక్కి, అవతల దిగి కూర్చున్నాడు. గాలికి ఇసుక వచ్చి పాదాల మీద చేరుతోంది. సినిమా లేదు అని ఒకసారి పైకి అని చూసుకున్నాడు. వినేవాళ్లు లేరు కాబట్టి ఆ మాటకు బరువు లేదు.

ఆమె ఈపాటికి వెళ్లిపోయి ఉంటుందనుకుని లేచి దిబ్బ ఎక్కాడు. మేకలు కాలవ దిక్కు చాలా దూరం పోయాయి. అంజనమ్మ అక్కడే, చేతులు కిందికి చాపి నిలబడి ఉంది.

"యాలవ్వా, ఇంకా ఈడనే నిలబడినావు?"

"నువ్వు అయిందని చెప్పలేదు గదా."

కెమెరా ఎప్పుడో ఆగిపోయింది. స్క్రీన్‌కు అరచేయి అడ్డం పెట్టుకుని చూశాడు. అందులో తను నడిచి పోయాడు. ఆమె కాసేపు నేరుగా చూసింది. తర్వాత కళ్లు మాత్రం పక్కకు జరిగాయి. ఆ వెనకే తల కూడా అటు తిరిగింది. దిబ్బ ఎక్కుతున్న మనిషి వెంట చూపు మెల్లగా పైకి పోయింది. అతను కనుమరుగైన చోటనే ఉండిపోయింది. ఒకసారి పెదాలు కదిలాయి. ఏమందో గాలి వినిపించనివ్వలేదు. ఫోటో చెడిపోతుందని తెలిసీ ఆమె చూసింది. రికార్డింగ్ ఆగేదాకా చూస్తూనే ఉంది.

కావలసిన షాటు దొరికింది. బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగి, స్క్రీన్ ఆరిపోయింది.

"అయిందా అప్పా?"

అయిందంటే ఆమె మేకల వెంట పోతుంది.

"ఇంకొకటి ఉండాదవ్వా" అన్నాడు.

"బిర్నా తియ్. మేకలు దూరం పోతాండాయి."

ఆమె మళ్లీ కొంగు సర్దుకుంది. అతను ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, బ్యాటరీ అయిపోయిన కెమెరా వెనక చిన్న గాజు కిటికీకి కన్ను ఆనించాడు. దానికి కరెంటు అక్కర్లేదు. అందులో అంజనమ్మ రెప్ప వేయకుండా నేరుగా అతని వైపే చూస్తోంది.