కట్టు విప్పినంక

లస్మవ్వకు పసితనంలోనే కళ్లకు పొరలు కమ్మాయి. వెలుగూ చీకటీ తప్ప మరేమీ ఎరగకుండానే పెరిగింది, పెళ్లయి చొప్పదండికి వచ్చింది, ఎవరి సాయమూ లేకుండా వండి వార్చింది. ఆ ఏడు కరీంనగర్‌లో కంటి ఆపరేషన్లు చేస్తున్నారని తెలిసి భర్త ముత్తయ్య బండి కట్టి తీసుకుపోయాడు. కట్టు విప్పి, దళసరి అద్దాలు పెట్టాక ఆమెకు రంగులు కనిపించాయి.

ఇంటికి రాగానే పరీక్షలు మొదలయ్యాయి. వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే నోరు మెదపకుండా ఎదుట నిలబడి, తామెవరో చెప్తుందేమోనని చూసేవారు. గొంతు వింటే ఇట్టే పోల్చే లస్మవ్వకు కళ్ల ముందు కనిపించేది ఒక ఎర్ర మచ్చ, దానిపైన ఒక నల్ల మచ్చ, అంతే. ఆపరేషన్ పనిచేయలేదని గుసగుసలాడుకుంటూ పోయేవారు.

ముత్తయ్య అంతకంటే ఎక్కువ సతాయించాడు. చెంబు చూపించి ఇదేమిటనేవాడు, చాట చూపించి ఇదేమిటనేవాడు. ఆమె చెయ్యి చాపితే వెనక్కి లాక్కునేవాడు. ముట్టకుండా చెప్పాలట. పెరట్లో దూడ గెంతుతుంటే దూడ అని సరిగ్గానే చెప్పింది. అతను సంబరపడేలోపే అది గోడ పక్కన నిలబడి గోడలో కలిసిపోయింది. ఎక్కడుందో చూపించమంటే చూపించలేకపోయింది. కళ్లు బాగున్నాయని డాక్టరు చెప్పాడు కదా అని ముత్తయ్య విసుక్కున్నాడు.

ఒక పొద్దున ఆమె అద్దాలు తీసేసి, కళ్లు మూసుకుని వంకాయలు కోస్తుంటే అతని కంటబడింది.

“గింత తిప్పలవడి కండ్లు తెప్పిస్తే మూసుకుంటవా?”

లస్మవ్వ కత్తిపీట పక్కకు నెట్టింది. “తెరిస్తె వంకాయేదో, నా వేలేదో తెలుస్తలేదు. డాక్టరు కండ్లు తెరిచిండు, చూసుడు ఎవ్వలు నేర్పాలె? నువ్వు పుట్టంగనే చెంబు వట్టుకొచ్చి నిన్నెవ్వలన్న అడిగిండ్రా?”

ముత్తయ్య చేనుకు పోయాడు.

సాయంత్రం ఆమె పక్కింటి రాజక్కతో అరుగు మీద కూర్చుంది. బాట మీద మచ్చలేవో కదులుతున్నాయి. వాటిలో తెల్లనిది ఒకటి ఒక పక్కకు ఒరిగి, లేచి, మళ్లీ ఒరుగుతూ వస్తోంది. కుడికాలు ఈడ్చే ఆ నడకను ఆమె ఏళ్లుగా చెవులతో ఎరుగును. ఇప్పుడింకా చెప్పుల చప్పుడైనా వినబడటం లేదు.

“మా ఇంటాయన వస్తుండు” అంది.

రాజక్క కేకేసి చెప్పగా విని ముత్తయ్య గబగబా వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. నిలబడగానే దూడలాగే ఆమె చూపుకు మాయమయ్యాడు.

“నిలవడకు. నడువు.”

అతను వాకిట్లో ఆ కొసకు పోయి వచ్చాడు. మళ్లీ పొమ్మంది. మళ్లీ పోయాడు.

“ఇంకెంతసేపు? ఆకలైతుంది.”

“జర నడువు. నీ మొకం ఏడుందో గిప్పుడిప్పుడే దొరుకుతుంది.”

ముత్తయ్య గొణుక్కుంటూ మళ్లీ గోడ దాకా నడిచాడు.