ధూమపానం ఎవరిది?

2009లో హిందూపురం స్కానింగ్ సెంటర్లో ఆదివారాలు ప్రత్యూష పరిశోధన సాగేది. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు హెచ్చరికలు చూపిస్తూ, మెదడులో ఏ చోటు చురుకవుతుందో చూడటం ఆమె పని.

ధర్మవరం నేతగాడు ఖాజాసాబ్ మెదడులో, నుదుటి వెనక మనిషి తన సంగతి తలచుకునే చోట, అసలు చలనమే లేదు.

"పల్లె జనానికి ఈ హెచ్చరికలు ఎక్కవు. వీళ్లను లెక్కలోంచి తీసేద్దాం," అన్నాడు పరిశోధన చేయిస్తున్న బెంగళూరు ప్రొఫెసర్.

పెనుకొండలో పుట్టి పెరిగిన ప్రత్యూషకు ఆ మాట మింగుడుపడలేదు. "తప్పు మెదడుది కాదు సార్, మన మాటది. ఇంకొక్క స్కాన్ చేయనీయండి," అని ఖాజాసాబ్ దగ్గరికి వెళ్లింది.

"ఆ గొట్టం లోపల ఏం చదివినావు తాతా?"

"ధూమపానం హానికరమని ఉండాది. అది చేసేటోళ్లు బద్రంగా ఉండాల తల్లీ. నేను తాగేది బీడీ కదా!"

పక్కనున్న భార్య బుడన్‌బీ భగ్గుమంది. "మగ్గం గుంతలో కూకోని బుస్సుబుస్సుమని బీడీ పీకుతావు. ఆ పొగకు దగ్గి సచ్చేది మన సల్మా. మనవరాలికన్నా బీడీ ముద్దా నీకు?"

ప్రత్యూష ఆ మాటలు ఉన్నదున్నట్టు టైపు చేసి, రెండో స్కాన్‌లో చూపించింది. ఖాజాసాబ్ బట్టలు మార్చుకునేలోపు లెక్కలు తేలాయి. ఇందాక చలనం లేని చోటే తెరమీద నిప్పుకణికలా ఎర్రబడింది. ప్రొఫెసర్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఎవ్వరినీ తీసేయొద్దు. హెచ్చరికలే తిరిగి రాయి," అన్నాడు.

అంతలో ఖాజాసాబ్ గదిలోంచి విసవిసా వచ్చాడు.

"ఏమ్మా, ఆ గొట్టంలో నేనొక్కణ్నే కదా పండుకునింది? బుడన్‌బీని లోపలికి ఎవరు రానిచ్చిరి?"